జూన్ ఒకటిన పుట్టినవాళ్లు

ఆకుపచ్చ గీత కదిలిందా, లేదా? కళ్లు మూసి తెరిస్తే కదిలినట్టుంటుంది. రెప్ప వేయకుండా చూస్తే మాత్రం బెల్లం కొట్టిన రాయిలా ఉన్నచోటే ఉంటుంది. జైరాం చలికి చేతులు రెండూ చంకల్లో దోపుకుని కుర్చీలో ముడుచుకున్నాడు. బయట మే నెల మధ్యాహ్నం, రేకుల మీద ఎండ పెటపెటమంటోంది, కాకి కూడా నీడ విడిచి రావడం లేదు. ఈ గోడౌను మొత్తానికి ఏసీ ఉన్నది ఈ ఒక్క గదికే, అదీ మనిషి కోసం కాదు, సర్వర్ల కోసం. మనిషికి చెమట పడితే తుడుచుకుంటాడు, వాటికి వేడెక్కితే కంపెనీ ఆగిపోతుంది. కొత్తగూడెం దాటి భద్రాచలం పోయే రోడ్డు పక్కన, టేకు చెట్లు మొదలయ్యేచోట, పామాయిల్ కంపెనీ మొట్టమొదట కట్టుకున్న గోడౌను ఇది. టెలిఫోన్ లైను ముందుగా ఇక్కడికే వచ్చింది కాబట్టి సర్వర్లను ఇక్కడ పెట్టారు, సర్వర్లు ఇక్కడ ఉన్నాయి కాబట్టి జైరాంనూ ఇక్కడే పెట్టారు. రేపటినుంచి అన్నీ ఖమ్మం ఆఫీసుకు పోతాయి. కొత్త సర్వరు అక్కడ ఉంది, పాతది అతని మోకాలి పక్కన గురక పెడుతోంది, మధ్యలో ఈ గీత. గీత చివరిదాకా పోతే పేర్లు వస్తాయి. వాటిలో తన పెళ్లాం పేరు ఏ వరుసలో వస్తుందోనని కాచుకుని కూర్చున్నాడు.

చెప్పుకుంటే పెద్ద పనేం కాదు. కంపెనీలో పనిచేసేవాళ్ల పేర్లు జీతాలవాళ్ల కంప్యూటర్లో ఒకచోట ఉంటాయి, గేటు కార్డులూ ఈమెయిళ్లూ చూసే డైరెక్టరీలో ఇంకోచోట ఉంటాయి. అక్కడ కొత్తవాడు చేరితే ఇక్కడా చేరాలి, అక్కడ ఒకరు మానేస్తే ఇక్కడా పేరు పోవాలి, వాళ్ల కార్డుకు గేటు తెరుచుకోకూడదు. ఈ రెంటినీ ఒక్కమాట మీద ఉంచేదాన్ని సింక్ సర్వీసంటారు. అత్తకూ కోడలికీ మధ్య మాటలు మోసే పక్కింటామె లాంటిది, కాకపోతే ఇది ఉన్నమాటే మోస్తుంది. ఆ పక్కింటామె చేత ఇప్పుడు ఇల్లు మార్పిస్తున్నారు. సామాను సర్దేటప్పుడు ఎవరూ కొత్త చెంబు తేకూడదన్నట్టు, గురువారం నుంచి మార్పులన్నీ ఆపేశారు. చేరినవాళ్లు, మానేసినవాళ్లు, బదిలీలు, అన్నీ జీతాల కంప్యూటర్లోనే వరుసలో నిలబడి ఉన్నాయి. జీతాల విభాగానికి శనివారం నుంచి సోమవారం దాకా తాళం, అడుగుదామన్నా మనిషి ఉండడు. కొత్త సర్వరు అందరినీ మొదటినుంచి చదివి, ఇదిగో వీళ్లను చేరుస్తాను, వీళ్లను మారుస్తాను, వీళ్లను తీసేస్తాను అని ముందుగా చూపిస్తుంది. చూపిస్తుందే కానీ చెయ్యి పెట్టదు. చూసి సరే అనాల్సిన మనిషి జైరాం.

అతని భార్య ఇల్లందులో, కంపెనీ ప్యాకింగ్ యూనిట్ డిస్పెన్సరీలో నర్సు. రెండు వారాల కిందట ఆమే ఫోను చేసింది. చర్ల దిక్కు అడవి ఊళ్లలో సర్కారు నర్సు కొలువుకు పిలుపు వచ్చిందని చెప్పింది. పోవాలా వద్దా ఇంకా తేల్చుకోలేదంది. "పోతే మళ్ల నీ ఇంటికి రాను. ఉంటే ఉంట. ఏది చేసినా నీకు నేను చెప్పుడెందుకు? అందరి పేర్లు నీ ముందట్నుంచే పోతయ్ గద, నాది గూడ గట్లనే చూస్కో" అని పెట్టేసింది. తిట్టినా బాగుండేది. అరిచినా బాగుండేది. మార్కెట్లో వంకాయల ధర చెప్పినట్టు చెప్పింది. అప్పటినుంచి జైరాం అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు, పని చేస్తున్నాడు, కానీ ఏదీ అతను చేస్తున్నట్టు లేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ సంగతి జైరాంకు తెలియక కాదు. ఫోను చొక్కా జేబులోనే ఉంది, టవరు కూడా ఇవాళ బాగానే ఉంది. 'ఏమనుకున్నవ్?' అని ఒక్క ముక్క అడిగితే అయిపోయేది. పొద్దున లేవగానే ఇవాళ అడుగుదాం అనుకుంటాడు, పగలు డ్యూటీలో ఉంటుందిలే అనుకుంటాడు, సాయంత్రం అలిసిపోయి ఉంటుందిలే అనుకుంటాడు. ఇట్లా వంకలు వెతకడంలో మాత్రం మగవాడిని మించినవాడు లేడు. అసలు సంగతి వేరు. మనిషిని అడిగితే మనిషి జవాబు చెబుతుంది, ఆ జవాబులో గొంతు ఉంటుంది, ఆ గొంతుకు అతను భయపడతాడు. సర్వరు చెప్పే జవాబులో గొంతు ఉండదు. అందుకని కట్టుకున్నదాని మనసులో ఏముందో తెలుసుకోవడానికి, ఒక మనిషి ఆదివారం పూట ఏసీ గదిలో వణుకుతూ ఆకుపచ్చ గీతను చూస్తూ కూర్చున్నాడు. తనమీద తనకే నవ్వొచ్చింది, ఆ నవ్వు కూడా చలికి పెదవుల మీదే ఆగిపోయింది.

ఇల్లందులో వాళ్ల కిరాయి ఇల్లు గనుల వాళ్ల బస్తీలో, ఒకటిన్నర గది. బొగ్గు లారీ పోయినప్పుడల్లా కిటికీ గట్టు మీద నల్లటి పొడి పడేది. ఆమె పొద్దునా సాయంత్రం తుడిచి, తుడిచిన గుడ్డను అతని మొహం ముందు ఆడించి, "ఇగో, ఇయ్యాల్టి మన సంపాదన" అనేది. పెళ్లైన కొత్తలో సెలవు దొరికితే బండి మీద అడవిలోకి పోయేవాళ్లు. ఇప్పపూల కాలమైతే గాలి మొత్తం తీపి వాసన, రోడ్డు పక్కన గంపలు పట్టుకుని ఏరుకునే ఆడవాళ్లు కోయ మాటలో ఏదో అని నవ్వేవాళ్లు, వెనక కూర్చున్న ఆమె చేతులు అతని నడుము చుట్టూ ఉండేవి. అప్పుడు ఏం మాట్లాడుకునేవాళ్లో ఒక్క మాటా గుర్తులేదు. ఆ చేతుల బరువు మాత్రం గుర్తుంది. పెళ్లైన రెండేళ్లకు ఇక్కడికి పొమ్మన్నారు, ఆరు నెలలే అన్నారు. శనివారం సాయంత్రం బస్సుకు ఇల్లందు పోయి సోమవారం తెల్లవారుజామున తిరిగొచ్చేవాడు. తర్వాత ఆదివారాలు కూడా సర్వర్లవే అయ్యాయి. ఎవరూ పనిచేయని రోజునే వాటికి మరమ్మత్తు చేయాలి, ఎవరూ పనిచేయని రోజున పనిచేసేవాడు ఒకడు ఉండాలి, ఆ ఒక్కడూ జైరాం. ఆరు నెలలు నాలుగేళ్లయ్యాయి. ఒక వారం పోలేదు, రెండు వారాలు పోలేదు, ఒకసారి చెప్పాపెట్టకుండా పోతే ఇంట్లో ఒక్క మనిషి తినేంత అన్నమే ఉంది. "నువ్వొస్తవని వండుడు బందు జేసిన" అంది ఆమె, మళ్లీ స్టవ్ ముట్టిస్తూ. అప్పుడు అతను ఏమన్నాడు? పర్వాలేదు, ఆకలి లేదు అన్నాడు. అనాల్సిన మాట అది కాదని ఇప్పుడు తెలుస్తోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

పోయిన వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. మలేరియా. సెలవు పెట్టింది, ఆ సెలవు జీతాల కంప్యూటర్లో పడింది, అక్కడినుంచి సింక్ అయి ఇక్కడ డైరెక్టరీలో పడింది, జైరాం దాన్ని చూశాడు. చూసి, తండాకు పోయుంటుందిలే, వాళ్లమ్మ దగ్గర నాలుగు రోజులు ఉండొస్తుందిలే అనుకున్నాడు. ఆ నాలుగు రోజులూ ఆమె ఆ ఒకటిన్నర గదిలో ఒక్కతే పడుకుంది. తన చేతికి తనే సూది గుచ్చుకుని, సెలైన్ సీసాను కిటికీ చువ్వకు తగిలించుకుంది. తర్వాత పక్కింటి షబ్రీన్ చెబితే తెలిసి ఫోను చేశాడు. "సెలవు పెట్టినవని చూసిన, గానీ..." అన్నాడు.  "కంప్యూటర్ చెప్పిందా? మరి మందు గూడ దాన్నే ఇయ్యమనకపోయినవ్?" అంది. ఆ రోజునుంచి ఆమె గొంతులో వంకాయల ధర మొదలైంది.

గీత సగం దాటింది.

కొత్త సర్వరుకు నియమాలు రాసినవాళ్లు హైదరాబాదు వాళ్లు. కంపెనీలో ఏ యూనిట్‌కు ఆ యూనిట్ ఒకటి నుంచి నంబర్లు వేసుకుంది కాబట్టి ఒకే నంబరు మీద ముగ్గురు నలుగురు ఉంటారు. పాత సర్వరులో జైరాం ఒక్కొక్కరినీ తన చేత్తో జత కలిపాడు, ఈ పేరు ఈ మనిషిది, ఆ కార్డు ఆ మనిషిది అని. అట్లా చేతిపని పనికిరాదన్నారు. పేరూ పుట్టినతేదీ కలిస్తే ఒకే మనిషి అని రాసేశారు. "సార్, మా దిక్కు గట్ల కుదరదు సార్" అని జైరాం గొణిగాడు. "పేరొకటే కావచ్చండీ, పుట్టినరోజొకటే కావచ్చు. రెండూ ఒకటే అయ్యేవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి?" అన్నాడు అవతలి పెద్దమనిషి. ఎంతమందా? తండాకు వచ్చి చూస్తే తెలుస్తుంది. తండాలో ఉన్నవే నాలుగైదు ఇంటిపేర్లు, తాత పేరు మనవడికి, అవ్వ పేరు మనవరాలికి. ఒక బిచ్యాను పిలిస్తే ముగ్గురు పలుకుతారు, ఒక సక్రిని పిలిస్తే కట్టెలకు పోయిన సక్రి కూడా తిరిగి చూస్తుంది. ఇక పుట్టినరోజులు. బడిలో వేసేటప్పుడు పంతులు అడుగుతాడు, ఎప్పుడు పుట్టిండని. జొన్న కోసేటప్పుడు అని ఒకామె, వాగు పొంగినప్పుడు అని ఒకామె. జొన్నకూ వాగుకూ తేదీలు ఉండవు. బడి తెరిచేది జూన్‌లో, అప్పటికి అయిదేళ్లు నిండాలి, కాబట్టి పంతులు అందరికీ జూన్ ఒకటి అని రాసి పారేస్తాడు. ఎండలో పుట్టినవాళ్లు, వానలో పుట్టినవాళ్లు, అందరూ కాగితం మీదికొచ్చేసరికి జూన్ ఒకటినే పుట్టారు. జైరాందీ జూన్ ఒకటే, ఆమెదీ జూన్ ఒకటే. పెళ్లైన ఏడాది ఆ రోజున ఆమె పాయసం వండింది. ఏంది విశేషమంటే, "ఇయ్యాల మనిద్దరి పుట్టినరోజు, మన తండాది గూడ" అని విరగబడి నవ్వింది. జీడిపప్పు లేదు, పాలు కొంచెం విరిగాయి, అయినా అంత మంచి పాయసం మళ్లీ తినలేదు.

ఠక్కున లైట్లు ఆరిపోయి, యూపీఎస్ కుయ్యి కుయ్యిమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. జైరాం ఉలిక్కిపడి లేచాడు. తలుపు తెరుచుకుని వేడిగాలితోపాటు వాచ్‌మన్ అబ్దుల్ సత్తార్ తల లోపలికొచ్చింది. ఖమ్మం ఖిల్లా బజారు మనిషి, ఇక్కడ ఎనిమిదేళ్లుగా కాపలా.

"కరెంటు పోయింది సారూ. జనరేటర్ల డీజిల్ పోసిన, ఇగ స్టార్ట్ జేస్త. పరేషాన్ గాకుండ్రి."

"జల్దీ చెయ్యి సత్తార్ భాయ్."

"అయిపోయె. రేపట్నుంచి ఈ లొల్లి ఉండది గద. నేను మనవల దగ్గరికి పోత. మీకు గూడ మంచిగాయె సారూ, ఖమ్మం నుంచి ఇల్లందుకు సీదా బస్సులుంటయ్, రోజు ఇంటికి పోవచ్చు."

"అవ్" అన్నాడు జైరాం.

జనరేటరు దగ్గి, మళ్లీ దగ్గి, అందుకుంది. లైట్లు వచ్చాయి. గీత ఎక్కడ ఆగిందో అక్కడినుంచే నడిచింది, యంత్రాల్లో ఈ మంచిగుణం ఉంది, ఎక్కడ ఆపితే అక్కడినుంచి మొదలుపెడతాయి, అలగవు. రోజూ ఇంటికి పోవచ్చు. ఆ మాట నాలుగేళ్లలో ఎన్నిసార్లు అనుకున్నాడు! ఖమ్మం బదిలీ కావాలని తనే అడిగాడు, సర్వరు మార్పు త్వరగా చేద్దామని తనే పైవాళ్ల వెంట పడ్డాడు. ఆమెకు మాత్రం చెప్పలేదు. అంతా అయ్యాక ఒకరోజు సామానుతో సహా పోయి గుమ్మంలో నిలబడదామనుకున్నాడు. ఆమె నోరు తెరిచి ఉండిపోవాలని, కళ్లలో నీళ్లు తిరగాలని. చెప్పకుండా చేసే మంచి కూడా దొంగతనం లాంటిదేనేమో, ఎదుటివాళ్లు తలుపు వేసుకుని పడుకుంటారు.

గీత నిండింది. తెర మీద మూడు వరుసలు వచ్చాయి. చేర్చేవాళ్లు కొందరు, మార్చేవాళ్లు చాలామంది, తీసేసేవాళ్లు అయిదుగురు. జైరాం ముందు చేర్చేవాళ్లను చూశాడు. తర్వాత మార్చేవాళ్లను చూశాడు, అక్కర్లేని బదిలీలు కూడా అక్షరం అక్షరం చదివాడు. పంటి నొప్పి ఉన్నవాడు అన్ని పళ్లూ తోముకుని ఆ పన్ను దగ్గరికి చివర్లో పోయినట్టు, చివరికి తీసేసేవాళ్ల దగ్గరికి వచ్చాడు. రామ్‌సింగ్, బాయిలరు దగ్గర పనివాడు, రిటైరయ్యాడు. ద్వాలి, ఊడ్చే ఆమె, కొడుకు దగ్గరికి పోయింది. ఇంకో ఇద్దరు డ్రైవర్లు. దాని కింద, బానోత్ పూలి, రాజీనామా.

అతని పెళ్లాం పేరు.  కళ్లు తుడుచుకుని మళ్లీ చూస్తే పేరు పక్కన చిన్న గుర్తు ఉంది, నొక్కితే కింద రెండు గూళ్లు తెరుచుకున్నాయి. ఒకటి ఇల్లందు డిస్పెన్సరీ. ఇంకోటి దమ్మపేట ఫ్యాక్టరీ, పామాయిల్ గెలల యార్డు. ఇద్దరు పూలిలు! ఇద్దరూ బానోత్‌లే, ఇద్దరూ జూన్ ఒకటే, ఒకే సంవత్సరం. దమ్మపేట పూలి బడి మొహం చూసి ఉండదు, పర్మినెంటు చేసేటప్పుడు గుమాస్తా ఆమె మొహం చూసి తోచిన సంవత్సరం వేసి, జూన్ ఒకటి అని తగిలించి ఉంటాడు. పాత సర్వరులో జైరాం వీళ్లను వేరుగానే ఉంచాడు. కొత్త సర్వరు హైదరాబాదు నియమం ప్రకారం ఇద్దరినీ ఒక్క మనిషిని చేసి, వచ్చిన ఒక్క రాజీనామాతో ఇద్దరి పేర్లూ తీసేయడానికి కూర్చుంది. రాజీనామా ఒకటే. ఇచ్చినామె ఒక్కతే. ఆ కాగితం తాళం వేసిన జీతాల విభాగంలో ఉంది. ఎవరు?

దమ్మపేటామె అయి ఉండాలి. అయి ఉండాలి. గెలలు మోసి మోసి నడుము పడిపోయి ఉంటుంది, కొడుకులు వద్దని ఉంటారు, ఇంటి దగ్గర మేకలు ఉంటాయి. జైరాం తనకు తెలియని ఆ మనిషికి ఒక్క నిమిషంలో ఒక సంసారం, ఒక నడుము నొప్పి, మేకల మంద కల్పించి పెట్టాడు. తర్వాత సిగ్గనిపించింది. ఒక ఆడమనిషి కూడు పోవాలని ఇంకో మనిషి దేవుడికి దండం పెట్టుకోవచ్చా? పెట్టుకుంటున్నాడు మరి, మనసులోనే, రెండు చేతులూ జోడించి.

తీసేసే పేరు ఏదైనా సరే, ముందు ఆ మనిషికి ఫోను చేసి, పేరు చదివి, వాళ్ల నోటితో 'అవ్' అనిపించుకోవాలి. ఇది కంపెనీ పెట్టిన పద్ధతి కాదు, జైరాం పెట్టుకున్నది. ఒకసారి ఎక్కడో ఏదో తిరగబడి, పనిలో ఉన్న డ్రైవరుకే గేటు తెరుచుకోలేదు. ఆ మనిషి ఎవరితోనూ గొడవ పడలేదు, తన కొలువు పోయిందనే నమ్మి రెండు రోజులు రోడ్డు అవతల చెట్టు కింద కూర్చున్నాడు. అప్పటినుంచి ఈ అలవాటు. రామ్‌సింగ్‌తో, కొడుకు ఫోనులో ద్వాలితో, డ్రైవర్లతో మాట్లాడాడు, అందరూ అవ్ అన్నారు. దమ్మపేట నంబరు కొట్టాడు.

"ఎవరు?" పెద్ద గొంతు, వెనకాల కోళ్లు.

"కంపెనీ నుంచి మాట్లాడుతున్న. బానోత్ పూలి ఉందా?"

"నేనే పూలిని. ఏంది, ఆదివారం గూడ డ్యూటీకి రమ్మంటవా?"

"కాదమ్మా. మీరు రాజీనామా ఇచ్చిన్రా? కొలువు మానేస్తున్నమని చెప్పిన్రా?"

"ఎవడు చెప్పిండు నీకు? గా మేస్త్రి చెప్పిండా? వాని నోట్ల మన్ను వడ! నేనెందుకు మానేస్త? నా కాళ్లు చేతులు మంచిగనే ఉన్నయ్. మొగోళ్లు ఎత్తని గెల నేనెత్తుత. నా పొట్ట మీద కొట్టకు సారూ..."

 జైరాంకు తెలియకుండానే నాలుక తెలుగు విడిచి తండా మాటలోకి మళ్లింది. యాడీ, భయపడకు, నీ కొలువు ఎక్కడికీ పోదు, మిషన్ ఇద్దరి పేర్లు ఒకటనుకుంది, అంతే, అన్నాడు. అవతల కోళ్లు కూడా ఊరుకున్నట్టయింది. అమ్మను పిలిచే ఆ పిలుపు వినగానే ఆమె గొంతు మెత్తబడింది. అరె, మనోనివేనా బిడ్డా, ఏ తండా, ఎవరి కొడుకువు, అంతా ఆ మాటలోనే. చెప్పాడు. పెళ్లైందా అంది. అయింది. ఆమె ఏం చేస్తది? ఇల్లందులో నర్సు. పేరేంది? పెళ్లాం పేరు నోటితో చెప్పే అలవాటు తండాలో ఏ మగవాడికీ లేదు, జైరాంకు అసలే లేదు. "నీ పేరే, యాడీ" అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. నా పేరు పెట్టుకున్నదంటే మంచి పిల్లే అయ్యుంటది, మంచిగ చూస్కో బిడ్డా, నా పేరు మాత్రం తియ్యకు అంది. తియ్యనని చెప్పి పెట్టేశాడు.

ఇద్దరు పూలిలనూ చేత్తో విడదీశాడు. దమ్మపేట పూలిని తీసేసేవాళ్లలోంచి బయటికి తెచ్చి, ఆమె గూటిలో ఆమెను పెట్టాడు. ఇంక మిగిలింది ఒక్క పేరు. ఫోను చేయక్కర్లేదు, ఇద్దరిలో ఒకరు కాదన్నాక ఇంకొకరే కదా, ఈ లెక్క రెండో తరగతి పిల్లాడికీ వస్తుంది. సరే అని నొక్కేస్తే పని అయిపోతుంది. జైరాం వేలు నొక్కడానికి పోయి ఆగిపోయింది. డ్రైవరుకు చేసిన ఫోను, ఊడ్చే ఆమెకు చేసిన ఫోను, ముక్కూమొహం తెలియని యార్డు మనిషికి చేసిన ఫోను, పెళ్లానికి మాత్రం చేయవా? ఆమె నంబరు వెతకాల్సిన పని లేదు. కొట్టాడు. మోగుతోంది. ఏమని పిలవాలి? ఆరేళ్లలో ఆమెను ఇగో అన్నాడు, విన్నవా అన్నాడు, చాలాసార్లు ఏమీ అనకుండానే మాట మొదలుపెట్టాడు. రోజూ తెర మీద ఆ పేరు చూశాడు, ఒక్కసారీ నోటితో పలకలేదు. మోగుతోంది. ఎత్తకపోతే బాగుండును.

"చెప్పు" అంది ఆమె.

గొంతులోంచి తనది కాని ఆఫీసు తెలుగు బయటికి వచ్చింది. "కంపెనీ నుంచి మాట్లాడుతున్న. బానోత్ పూలి గారేనా?"

అవతల అట్టపెట్టెకు టేపు అంటిస్తున్న చప్పుడు ఆగిపోయింది. 

"అయితే నా పేరు నీకు నోరు తిరుగుతది" అంది. "అవ్. నేనే పూలిని."

"రాజీనామా మీరే ఇచ్చిన్రా?"

"నేనే ఇచ్చిన. శుక్రవారం దాకా చూసి ఇచ్చిన."

దేనికోసం చూసిందో చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. పద్ధతి ప్రకారం అడగాల్సినవి అయిపోయాయి. ఇంకేమన్నా అడిగేదుందా అందామె, డిస్పెన్సరీలో మందులిచ్చి రోగిని అడిగినట్టు. ఉంది, చాలా ఉంది, నాలుగేళ్ల ఆదివారాలంత ఉంది. జైరాం తెలుగు వదిలేశాడు. ఇంట్లో పడుకుని మాట్లాడుకునే మాటలో, పెళ్లినాడు అరుగు మీద కూర్చుని ఆమె చెవిలో అన్న మాటలో అడిగాడు, ఎప్పుడు పోతున్నవ్ అని. "రేపు పొద్దుగాల" అంది. రేపటినుంచి నేను ఖమ్మంలో ఉంటున్న, రోజూ ఇంటికొస్త అన్నాడు, ఆ మాటలోనే. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు విన్నట్టనిపించింది. "గది ఒక్కసారి చెప్పకపోయినవ్" అంది. నేనొచ్చి బస్సు ఎక్కిస్తా, సామాను ఉంటుంది కదా, రాత్రికే బయలుదేరి వస్తా అన్నాడు జైరాం. ఎక్కిస్తానంటున్నాడు కానీ, దింపుకోవాలనే అతని గొంతు వేడుకుంటోంది, అది ఆమెకు అర్థమైంది.

"వద్దు. బస్సు ఇంటి ముందట్నే ఆగుతది" అంది. అదీ తెలుగులోనే అంది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా తండా మాటలోకి ఆమె ఒక్కసారి కూడా రాలేదు.

మంచిది అన్నాడు. ఆమె పెట్టేసేదాకా ఫోను చెవికే ఉంచుకున్నాడు, పెట్టేశాక కూడా ఇంకాసేపు ఉంచుకున్నాడు. ఆ తర్వాత తెర దగ్గరికి జరిగి, తీసేసేవాళ్ల వరుసను పైనుంచి కింది దాకా మరొక్కసారి చదివి, సరే అని నొక్కాడు. చేర్చేవాళ్లు చేరారు, మారేవాళ్లు మారారు, పోయేవాళ్లు పోయారు. తప్పులేవీ లేవని కొత్త సర్వరు చెప్పింది. జైరాంకు ఏడుపొచ్చింది, చూసేవాళ్లు అక్కడ ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాడు. ఏడుపు మధ్యలో, ఖాళీ గదిలో, ఆమె పేరు ఇంకోసారి పలికాడు, ఈసారి గారు లేకుండా.